పెద్దమ్మ చెప్పిన ముగింపు

ఈ వర్షాకాలం మా బీరువాకు చెదలు పట్టింది. పట్టకపోయి ఉంటే ఆ పుస్తకాన్ని నేను బ్రతికుండగా తెరిచి ఉండేదాన్ని కాను. శ్రీకాకుళంలో మా ముందుగదిలో ఉన్న ఆ టేకు బీరువా మా పెద్దమ్మది. విజయనగరంలోని ఆమె ఇల్లు అమ్మివేసిన నాడు, దానిలోని పుస్తకాలతో సహా బండి మీద వేయించి తెచ్చుకున్నాను. కింది అరలోని పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసి, దులిపి, వరండాలో పరుస్తూ ఉండగా అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు నవల ఒకటి చేతికి తగిలింది. వెనక పుటలను చెదలు అంచుల వెంబడి కొరికాయి కాని అక్షరాల దాకా రాలేదు. చూడగానే గుర్తుపట్టాను. నాకు పదకొండేళ్ళ వయసులో, ఒక వేసవి మొదలుకొని మరుసటి మాఘమాసం వరకు, మధ్యాహ్న వేళల్లో మా పెద్దమ్మ తెలుగు చేసి చెప్పిన కథ అది. తెలుగు చదువుకొని, తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికిన నా జీవితానికి మూలం ఏ గ్రంథమని ఎవరైనా అడిగితే నేను చెప్పవలసినది ఏ ప్రబంధం పేరూ కాదు. ఈ నవలే.

మా నాన్నగారికి శృంగవరపుకోటలో నూనె, బెల్లం దుకాణం ఉండేది. అమ్మకు తరచు జబ్బు చేయడం వల్ల నన్ను విజయనగరంలో ఆమె అక్కగారింట ఉంచి చదివించారు. పెద్దనాన్నది బట్టల కొట్టు. ఆయన భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు కొత్త పంచెల గంజి వాసన ఆయనతోపాటు వచ్చి, ఆయన తిరిగి వెళ్ళాక కూడా కాసేపు నడవలో నిలిచి ఉండేది. పిల్లలు లేరు. ఇంట్లో వినిపించే గొంతులు మూడే: నాది, పెద్దమ్మది, పైడమ్మది. పైడమ్మ ఆ ఇంటి పనిమనిషి. అప్పటికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. మొగుడు మరొకతెను తెచ్చుకొని ఈమెను వదిలేయగా, వాళ్ళ అమ్మ తెచ్చి మా పెద్దమ్మకు అప్పగించింది. తెల్లవారక మునుపే వాకిట కళ్ళాపి చప్పుడుతో పైడమ్మ దినం మొదలయ్యేది. కాగులో నీళ్ళు కాచడం, అంట్లు, బట్టలు, నాకు తల దువ్వి జడ వేయడం, ఎండకాలమైతే మామిడి రసం చాపల మీద పొర మీద పొరగా పోసి తాండ్ర ఆరబెట్టడం, వీటన్నిటినీ ఆమె చేతులే చేసేవి. ఇప్పటికీ తాండ్ర ముక్క చేతికి తీసుకుంటే నాకు మామిడిపండు గుర్తుకు రాదు. ఆ పులిసిన తీపి వాసనతో నా జడలోకి దిగిన ఆమె వేళ్ళు గుర్తుకు వస్తాయి.

పెద్దమ్మకు ఇంగ్లీషు వచ్చు. ఆ కాలంలో, మా కులంలో, అది వింత. చిన్నతనంలో మిషను బడి పంతులమ్మ ఒకామె ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళేదట. తెలుగు మాత్రం పురాణాలు చదివి అలవరచుకున్నది. ఇళ్ళలో పురాణం చదివేవాళ్ళ గొంతులో ఉండే నిబ్బరం ఆమె మామూలు మాటలో కూడా ఉండేది. దేశం విడిచి వెళ్ళిన దొర ఒకడి సామాను వాల్తేరులో వేలం వేస్తూంటే పెద్దనాన్న ఆ బీరువాను కొన్నారు. అందులో మిగిలిపోయిన పుస్తకాల్లో ఒకటి ఈ నవల. విక్టోరియా రాణి ఏలుబడి నాటి లండను నగరంలో, ఒక సంపన్న గృహంలోని యజమానురాలికీ పరిచారికకూ నడుమ జరిగిన కథ. వ్రాసినవారు మాత్రం ఆ కాలం గతించిన ఎన్నో యేళ్ళకు, పాత సంగతులను వెదికి కూర్చి వ్రాశారు. భోజనాలు ముగిసి, పెద్దనాన్న కొట్టుకు వెళ్ళాక, పెద్దమ్మ పీట మీద కూర్చొని పెన్సిలు పట్టుకొని ఒక పేరా లోలోపల చదువుకునేది. కష్టమైన మాటకు పక్కన సన్నగా తెలుగు అర్థం వ్రాసుకునేది. తరువాత తల ఎత్తి, ఆ పేరాను తెలుగులో చెప్పేది. అలా ఆగి ఆగి నడిచే కథను వినడంలో ఉన్న ఆరాటం నాకు మరి ఏ పుస్తకంతోనూ కలగలేదు.

పైడమ్మ గడపకు అవతల కూర్చొని చింతపండు గింజలు తీస్తూనో, చేటలో బియ్యం చెరుగుతూనో వినేది. మొదట్లో తనకోసం కాదన్నట్టు వినేది. నాలుగు రోజులు గడిచేసరికి పెద్దమ్మ ఒక పేరా దగ్గర ఆగితే చాలు, చేట చప్పుడు కూడా ఆగేది.

"ఆ పరిచారిక వేకువనే లేచి, ఇంటిలోని ప్రతి గదిలోనూ పొయ్యి బూడిద ఎత్తి, కొత్త బొగ్గు పేర్చి, నిప్పు రాజవేసి, అటు తరువాత కాని తన ముఖము కడుగుకొనుటకు నోచుకోలేదు," అని పెద్దమ్మ చెప్పింది.

"గదికో పొయ్యా?" అని పైడమ్మ ఆశ్చర్యపోయింది. "అన్నన్ని పొయ్యిల మీద ఏటి వండుకుంటారమ్మగోరూ?"

"వండుకోడానికి కాదే. చలి కాచుకోడానికి."

"పని సేసిన మనిసికి సలెయ్యదమ్మగోరూ. ఆ దొరసానమ్మ సేతికి ఓ సీపురిచ్చీమను. బొగ్గు కరుసు తప్పుద్ది."

పెద్దమ్మ పుస్తకంతో ముఖం కప్పుకొని నవ్వింది. ఆమె అలా నవ్వడం ఆ ఇంట్లో నేను చూసింది ఆ మధ్యాహ్నాల్లోనే.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఏ పని తలపెట్టినా, ప్రయాణమైనా, పెళ్ళి సంబంధమైనా, పెద్దమ్మ స్నానం చేసి పురాణ గ్రంథాన్ని ఒడిలో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, ఏదో ఒక పుట తెరిచి వేలు పెట్టేది. వేలి కింద వచ్చిన పద్యం శుభం పలికితే పని సాగేది, లేదంటే ఆగేది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఆమె చేత శకునం చూపించుకునేవారు. పద్యానికి ఆమె ఏ అర్థం చెబితే అదే తీర్పు. నన్ను బడిలో వేసింది కూడా అలా వచ్చిన ఒక పద్యం చెప్పిన మీదటే. అక్షరంలో ఉన్నది అబద్ధం కాదనీ, చదివి చెప్పేవాళ్ళు దానిని మార్చరనీ ఆ ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. చదువు రాని పైడమ్మ మా అందరికన్నా గట్టిగా నమ్మేది.

ఆ శీతాకాలంలో ఒకనాడు పైడమ్మ అక్క మొగుడు అసిరయ్య నెల్లిమర్ల నుంచి వచ్చాడు. జూట్ మిల్లులో పని చేసేవాడు. ఒంటి నిండా జనపనార నూగు, నూనె వాసన. పెరట్లో నూతి గట్టు మీద కూర్చొని, మజ్జిగ తాగి, మరదలితో సంగతి చెప్పాడు. గోనెసంచులు కుట్టే పనికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారట. తమ ఇంటి పక్కనే ఒక గది కూడా ఖాళీ అయిందట.

"రేపు ఆదివారం నాటికి ఒచ్చీసేవనుకో, మేస్త్రీతో నాను సెప్పేస్తాను," అన్నాడు. "కుట్టు నేర్చుకోడానికి నాలుగు రోజులు సాలు. ఇంకెన్నాళ్ళు ఈళ్ళ అంట్లు తోముతావే?"

"ఇది నా ఇల్లు లాంటిదే బావా," అన్నది పైడమ్మ.

"లాంటిదే! లాంటి ఇంట్లో నువ్వెక్కడ పడుకుంతావు? సెప్పు. వసారాలోన. గది నీదైతే లోన గెడేసుకొని పడుకుంతావు. అదీ తేడా."

పైడమ్మ అతని మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించింది. "కత అయిపోనీ బావా. ఇంకొన్ని రోజుల్లో అయిపోద్ది. అప్పుడు సెప్తాను," అన్నది. అసిరయ్య నుదురు కొట్టుకున్నాడు. కతకూ మిల్లుకూ సంబంధమేమిటో అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పటికి నవలలో పరిచారిక కూడా ఇటువంటి చోటనే నిలబడి ఉన్నది. ఉత్తర దిక్కున ఎక్కడో నేత మిల్లులో పని చేస్తున్న అక్క ఆమెకు జాబు వ్రాసింది: వచ్చేయి, ఇక్కడ పని ఉన్నది, నా పక్కన ఉందువు గాని అని. యజమానురాలు మిసెస్ ఆల్డెన్ జబ్బుతో మంచం పట్టింది. నిన్ను విడిచి బ్రతకలేనని పరిచారిక చేయి పట్టుకున్నది. అక్కడ పెద్దమ్మ ఆ రోజుకు ఆపింది.

మరునాడు పైడమ్మ చేట పక్కన పెట్టి, గడప మీద చేయి ఆన్చి, పెద్దమ్మకు చెప్పేసింది. "అమ్మగోరూ, మా బావ మిల్లుకి రమ్మంతన్నాడు. నాకేటీ తోచడం నేదు. మీ పురాణం లాగే ఇదీ పుస్తకమే కదా. ఆ పిల్ల ఏటి సేస్తే నానూ అదే సేస్తాను. ఎల్లిందంటే ఎల్తాను. ఉండిపోనాదంటే ఉండిపోతాను. మీరు సదివి సెప్పండి."

పెద్దమ్మ ఆమె వంక చూసి, పుస్తకం మూసింది. తలనొప్పిగా ఉన్నదని ఆ రోజు చదవలేదు. మరి రెండు రోజులు కూడా చదవలేదు. ఆ రెండు రోజులూ పగలు బీరువా ఉన్న గది తలుపు వేసుకొని ఆమె ఒంటరిగా కూర్చున్నది. జబ్బు చేసిందేమోనని నేను భయపడ్డాను. పైడమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

నాలుగో నాడు కథ ముగిసింది. ఆ ముగింపు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "అక్క వ్రాసిన జాబును ఆమె దీపశిఖకు అర్పించి, బూడిదను కిటికీలోనుండి గాలికి విడిచి, తల్లి వలె తన్ను నమ్ముకొన్న యజమానురాలి పాదముల చెంత కూర్చుండెను. అంత్యకాలమున ఆ ఇల్లాలు తన నడుముననున్న తాళపుచెవుల గుత్తిని తీసి ఆమె చేతనుంచి, ఇకమీదట ఈ గృహము నీదియే, నీవు నా కడుపున పుట్టని కూతురవు అనెను." పెద్దమ్మ గొంతు వణికింది. నేను ఏడ్చాను. పైడమ్మ కొంగు నోట కుక్కుకొని ఏడ్చింది. ఆదివారం వచ్చిన అసిరయ్యతో పెరటి తలుపు దగ్గరే, "రాను బావా. పుస్తకంలోన అలగ ఉన్నాది," అని చెప్పి పంపించేసింది.

ఆమె ఆ ఇంట్లో మరి ముప్పై యేళ్ళకు పైగా ఉన్నది. నా కాలేజీ రోజుల్లో కేరేజీ కట్టింది. నా పెళ్ళిలో అరిసెలు వండింది. పెద్దనాన్నకు పక్షవాతం వస్తే ఎత్తి దించింది. పెద్దమ్మ చివరి రెండేళ్ళూ ఆమె పక్క గుడ్డలు ఉతికింది. పెద్దమ్మ పోయినప్పుడు తాళాల గుత్తి ఎవరి చేతిలో పడిందో చెప్పనక్కరలేదు. పెద్దనాన్న అన్నదమ్ముల పిల్లలు వచ్చి తీసుకున్నారు, ఇల్లు అమ్మారు. పైడమ్మ ఒక రేకు పెట్టెతో నెల్లిమర్లలో అక్క ఇంటికి వెళ్ళింది. ఆ రోజు నేను ఆమెకు ఒక చీర పెట్టి, బస్సు ఎక్కించి, బీరువాను బండికి ఎక్కించుకొని వచ్చేశాను.

ఈ వర్షాకాలపు మధ్యాహ్నాన వరండాలో కూర్చొని నేను చివరి ప్రకరణాలు చదివాను. అంతటా పెద్దమ్మ పెన్సిలు వ్రాత ఉన్నది. చిట్టచివరి పుట దాకా మాటల అర్థాలు ఉన్నవి. అంటే ఆమె కడదాకా చదివింది. జాబు దీపశిఖకు అర్పించబడలేదు. పరిచారికకు వచ్చిన మరి నాలుగు జాబులను మిసెస్ ఆల్డెన్ ఆమెకు తెలియనివ్వకుండా తన మేజా సొరుగులో దాచి ఉంచింది. అవి పరిచారిక కంటబడ్డాయి. ఆమె వాటిని నిలబడే చదువుకొని, నడుముకు కట్టుకున్న పని గుడ్డను విప్పి, మడత పెట్టి, యజమానురాలి మంచం చివర ఉంచింది. "తేనీరు ఎవరు పెడతారు?" అని ఆ ఇల్లాలు అడిగిందే తప్ప వెళ్ళవద్దని కూడా అనలేదు. పరిచారిక రైలెక్కి ఉత్తరానికి వెళ్ళింది. చివరి పేరాలో మగ్గాల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ పని గుడ్డ మడత పెట్టిన వాక్యం పక్కన, మార్జినులో, అర్థానికి బదులు మరొక మాట వ్రాసి ఉన్నది. పెద్దమ్మ చేతివ్రాతే, ఒత్తి వ్రాసింది: "వేరు విధముగా చెప్పవలెను."

నాకు మొదట కోపం రాలేదు. నిలబడ్డ నేల తప్పుకున్నట్టయింది. ఆ ముగింపును నేను ముప్పై యేళ్ళు తరగతుల్లో విద్యార్థులకు వినిపించాను. అనువాదం ఇలా ఉండాలని, మూలం మాటను మన మాటగా మార్చడమంటే ఇదేనని చెప్పాను. తాళపుచెవుల గుత్తి దగ్గరకు వచ్చేసరికి నా గొంతు వణికేది. అది పెద్దమ్మ నుంచి తెచ్చుకున్న వణుకు. అది అనువాదం కాదు. గడప అవతల చేట పట్టుకొని కూర్చున్న ఒక పడుచుపిల్లను కదలకుండా కట్టివేయడానికి, తలుపు వేసుకొని రెండు రోజులు కూర్చొని పేనిన తాడు. ఎంత చక్కని తెలుగో! ఆ చక్కదనమే నన్ను ఎక్కువగా గాయపరుస్తున్నది. ఆమె పేలవమైన తెలుగులో అబద్ధం చెప్పి ఉంటే పైడమ్మ వెళ్ళిపోయేదేమో. ఆనాడు ఆ ఇంట్లో చదివేవాళ్ళు ఒక్కరు, వినేవాళ్ళు ఇద్దరు. చదివేవాళ్ళ నోటి మీద వినేవాళ్ళ బ్రతుకు ఆధారపడి ఉండేది. శకునం చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళకు కూడా ఆమె తనకు కావలసిన అర్థమే చెప్పిందా? నన్ను బడిలో వేసిన పద్యం నిజంగా ఆ పుటలో ఉన్నదా? ఇప్పుడు ఎవరిని అడగను? ఆమె మీద నాకున్న ప్రేమ తగ్గిందని వ్రాయలేను. అది తగ్గకపోవడం కూడా ఆమె నాకు చేసిన అన్యాయంగానే తోస్తున్నది.

పైడమ్మకు నిజం చెప్పాలనుకున్నాను. ఆ చివరి ప్రకరణాలను నాలుగు రోజులు కూర్చొని, మూలానికి వెంట్రుకవాసి తేడా లేకుండా తెలుగు చేశాను. పుస్తకమూ కాగితాలూ సంచిలో పెట్టుకొని నెల్లిమర్ల వెళ్ళాను. ఆమె తన అక్క మనుమరాలింట ఉన్నది. ఎనభై దాటాయి, వినికిడి మాత్రం చక్కగా ఉన్నది. అరుగు మీద కాళ్ళు చాపుకొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. "ఓలమ్మో, బుల్లెమ్మే! ఇంత ఎండన ఒచ్చినావేటి?" అని నవ్వింది. నేను కూర్చొని, మంచినీళ్ళు తాగి, చెప్పేశాను.

"పెద్దమ్మ అబద్ధం చెప్పింది పైడమ్మా. ఆ పిల్ల ఉండిపోలేదు. అక్క దగ్గరికి, మిల్లుకు వెళ్ళిపోయింది."

కాయ తెంపుతున్న చేయి ఆగింది. "ఎల్లిపోనాదా?"

"వెళ్ళిపోయింది."

"మరి తాళాలు?"

"తాళాలు పుస్తకంలో లేవు. పెద్దమ్మ కల్పించింది."

ఆమె చేతిలోని కాయను రెండుగా తుంచి పళ్ళెంలో వేసింది. మరొకటి తీసుకుంది. అలా నాలుగైదు కాయలు అయ్యాక, "మీ పెద్దమ్మ సచ్చిపోనాది. ఆవిడనేటి అడుగుతాం," అన్నది. "నిన్నడుగుతాను. నీకు ఇంగిలీసెప్పుడొచ్చినాది?"

"కాలేజీలో."

"అప్పుడా బొక్కు ఎక్కడున్నాది?"

"బీరువాలో."

"నువ్వు పడుకున్న గదిలోనే కదా బీరువా. నాను రోజూ దాని మీద దుమ్ము దులిపీదాన్ని. నువ్వు ఎన్నెన్నో బొక్కులు సదివీదానివి. అదెందుకు సదవనేదు?"

"కథ తెలుసు కదా అని..."

"అందుక్కాదు." ఆమె గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు చాలలేదని చెప్పినట్టు చెప్పింది. "నానుండిపోతే నీకూ బాగుండీది. ఏడేడిగా బువ్వొండీదాన్ని, జడేసీదాన్ని. నువ్వు కాలేజీకెల్లేసరికి నాకు ఇరవయ్యారేళ్ళు. అప్పుడు సదివి సెప్పినా మా బావ మేస్త్రీకి సెప్పీవోడు."

నేను సంచిలోంచి కాగితాలు తీశాను. "ఆ చివరి భాగమంతా ఇప్పుడు చదివి వినిపిస్తాను పైడమ్మా. ఒక్క మాట మార్చను."

"నీ నోటితో వద్దు బుల్లెమ్మా," అన్నది. "ఆ కాగితాలు అట్టుకెల్లిపో. బొక్కు ఇక్కడ ఎట్టీయి." లోపలికి తిరిగి కేక వేసింది. "ఒలే లలితా! ఇలగ రా గుంటా."

లలిత ఆ ఇంటి ఆడపిల్ల. విజయనగరంలో నర్సుగా పని చేస్తున్నది. తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. పైడమ్మ పుస్తకం చూపించి, "ఇది సదివి సెప్పగలవేటి?" అని అడిగింది.

లలిత రెండు పుటలు తిప్పింది. "పాత ఇంగ్లీషు మామ్మా. తెలీని మాటలకి ఫోన్లో అర్థాలు సూసుకోవాల. మెల్లగా అయితే సెప్తాను."

"మెల్లగానే సెప్పు. నాకేటి తొందర?"

నా చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి. లలిత అరుగు మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, మొదటి వాక్యం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకొని, తల ఎత్తింది. "మార్త ఆ ఇంటికి ఒచ్చీసరికి వాన పడతన్నాది."

"మార్తెవులే?"

"పనమ్మాయి మామ్మా. దాని పేరే మార్త."

పైడమ్మ నా వైపు చూసింది. అన్ని నెలల మధ్యాహ్నాల్లో పెద్దమ్మ ఆ పేరు ఒక్కసారి పలకలేదు. పరిచారిక అనేది, ఆ పిల్ల అనేది. దొరసాని పేరు చెప్పింది, వీధి పేరు చెప్పింది, చివరకు వాళ్ళ పిల్లి పేరు కూడా చెప్పింది. మేమూ అడగలేదు. ఈ వర్షాకాలం నేను చదివిన ప్రకరణాల్లో ఆ పేరు ప్రతి పుటలోనూ ఉన్నది. నేను తెలుగు చేసుకున్న కాగితాల్లో మాత్రం అది ఎక్కడా లేదు. అలవాటు చొప్పున నేనూ పరిచారిక అనే వ్రాసుకున్నాను.

"మార్త," అని పైడమ్మ తనలో తాను ఒకసారి అనుకున్నది. తరువాత చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, లలిత వైపు తిరిగి కూర్చున్నది. "ఊ. సదువు."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఉండమని ఎవరూ అనలేదు.